డిస్కు గారి రిలీవింగ్ ఆర్డరు

రావయ్యా సాఫ్ట్‌వేరు అల్లుడూ, రా. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, భుజాన వేలాడుతున్న ఆ సంచీ దించి, ముందు ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టు. ఎందుకంటావేమిటి, మేనమామ అడిగితే పెట్టాలి. ఇక్కడ, ఇంటూ మార్కు దగ్గర. పేరు కింద నీ చదువు కూడా రాయి. మీ అమ్మ ఊరంతా చెప్పుకుని తిరిగే చదువు కదా, ఒక కాగితం మీదైనా పడనీ. ఆ, అయిపోయింది. ఇప్పుడు కూర్చో. మీ అత్త కవళ్ళ చేపల పులుసు చేసింది. ముళ్ళు ఎక్కువ, చూసుకుని తిను.

ఏమిటీ, నీ పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు తీసేసి కొత్తది వేశావా? సిస్టం కూడా కొత్తది ఎక్కించావా? టీ చల్లారేలోపే అయిపోయిందా? అవుతుంది నాయనా, ఎందుకవదు. నీ నెత్తిన సూపరింటెండెంటు లేడు. మా ఆఫీసులో అదే పనికి యాభై రెండు రోజులు పట్టింది. ఒక సర్వీసు రిజిస్టరు, ఒక డాక్టరు సర్టిఫికెట్టు, రెండు శాలువాలు ఖర్చయ్యాయి. తింటూ విను. మధ్యలో నవ్వావంటే ముల్లు అడ్డం పడుతుంది, నాకు సంబంధం లేదు.

మాది ఉప్పులపేట నాటుపడవల నమోదు కార్యాలయం. పేరు పెద్దది, గదులు రెండు, వాటికి అటెండర్ని నేను. సముద్రం మీదికి వెళ్ళే ప్రతి పడవకీ మేమిచ్చే కాగితం ఉండాలి. కాగితం లేని పడవ కనబడితే గస్తీవాళ్ళు లాక్కుపోయి ఒడ్డున బోర్లా పడేస్తారు. ఆ పడవల వివరాలన్నీ ఒకే ఒక్క కంప్యూటర్లో ఉంటాయి. అది ఎంత పాతదంటే, ఉదయం మీట నొక్కి, నేను టీలు తెచ్చి, అందరూ తాగి, గ్లాసులు కడిగి వచ్చాక తెర వెలిగేది. వెలిగితే ఆ రోజు శుభం. చాలా రోజులు నీలంగా మారి, ఏదో ఇంగ్లీషులో తిట్టి, మళ్ళీ పడుకునేది. లోపల కిటకిటమని చప్పుడొకటి, తాటాకు మీద ఎలుక తిరుగుతున్నట్టు.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల రోహిణి. పర్మినెంటు కాదు, ఏజెన్సీ మనిషి. ఆఫీసు మొత్తానికి పని వచ్చింది ఆమెకొక్కదానికే కాబట్టి ఆమెను పర్మినెంటు చేయలేదు. సూపరింటెండెంటు పట్నాయకుని కామేశ్వరరావు గారు. ఆయన నిబంధనల పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటాడని ప్రతీతి. నేను చూడలేదు, ఆఫీసు కుర్చీలో ఆ పుస్తకం మీద తల పెట్టి పడుకోవడం మాత్రం చూశాను. ఆ పైన ఆఫీసరు గారు. ఆయన జిల్లా కేంద్రం నుంచి వారానికి రెండుసార్లు వచ్చి, ఎర్ర చీటీ అంటించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్ళిపోతారు. చీటీ కింద ఏముందో చూసే అలవాటు ఆయనకు లేదు. అదిగో, అప్పుడే నవ్వావు. నవ్వు, నవ్వు. చదవకుండా సంతకం పెట్టే ఆఫీసరంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఏప్రిల్ ఇరవై రెండున పైనుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో కొత్త హార్డ్ డిస్కు, దానితో పాటు కొత్త సిస్టం. డిస్కు బిస్కెట్టు పలకంత ఉంది. రోహిణి దాన్ని అరచేతిలో పెట్టుకుని, గంటలో బిగించేసి, పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులోకి మార్చేస్తానంది. అప్పటికే సూరాడ దానయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతని పడవ బంగారమ్మతల్లికి మార్చితో కాగితం గడువు తీరింది. చేపల వేట నిషేధం జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది. పదిహేను తెల్లారేసరికి పడవ నీళ్ళలో ఉండాలి. ఆ రోజు దిగకపోతే అతని దగ్గరున్న ఆరుగురు కళాసీలూ వేరే పడవ ఎక్కేస్తారు. ఒకసారి ఎక్కితే ఆ సీజనంతా తిరిగి రారు. కళాసీలు లేని పడవంటే కొయ్యే. అందుకని ఆ గంట పనేదో అయిపోతుందని దానయ్య ఆశగా చూస్తున్నాడు.

అదిగో, అప్పుడు దూలపట్టింది నా నాలుకకి. ఏడో క్లాసు తప్పినవాణ్ణి, కంప్యూటరు గురించి నాకేం తెలుసు. ఆఫీసు గురించి మాత్రం ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఊరికే, సరదాకి అన్నాను.

"అదెలా కుదురుతుందమ్మా? పాతాయన రిలీవ్ కాకుండా కొత్తాయన జాయినెలా అవుతాడు?"

రోహిణి నవ్వింది. దానయ్య కూడా నవ్వాడు పాపం. కామేశ్వరరావు గారు నవ్వలేదు. కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"గవరయ్యా, ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక మాట మాట్లాడావు," అన్నారు.

అంతే. ఆ సాయంత్రానికి అట్టపెట్టె బీరువాలోకి వెళ్ళి తాళం పడింది.

రెండు రోజులకి ఉత్తర్వు తయారైంది. సదరు పాత డిస్కు తన విధుల నుంచి వైదొలగుటకు, సదరు కొత్త డిస్కు విధులలో చేరుటకు తగు చర్యలు గైకొనవలెనని. అయితే రిలీవ్ చేయాలంటే ఆ ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉండాలి. పదిహేనేళ్ళు పనిచేసినా పాత డిస్కుకి రిజిస్టరే లేదు. ఇది ఘోరమైన లోపమని కామేశ్వరరావు గారు మూడు రోజులు బాధపడి, కొత్త రిజిస్టరు తెరిచారు.

పుట్టిన తేదీ దాని వీపు మీద చీటీలో దొరికింది. పుట్టిన ఊరు ఏదో విదేశమని ఉంది. స్థానికుడా, స్థానికేతరుడా అన్న దగ్గర ఒక వారం పోయింది. చివరికి, నాలుగేళ్ళకు పైగా ఇక్కడే ఉన్నందున స్థానికుడిగా పరిగణించవచ్చునని తేల్చారు. ఒంటి మీద పుట్టుమచ్చలు రెండు రాయాలి. ఒక మూల గీత, ఇంకో మూల తుప్పు మచ్చ అని రాశారు. పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం నేనే స్టూడియోకి తీసుకెళ్ళాను. ఫోటో తీసేవాడు కొంచెం గడ్డం ఎత్తమంటారా అన్నాడు. వేళాకోళంలో వాడూ నా జాతివాడే.

ఇక ఎడమచేతి అయిదు వేళ్ళ ముద్రలు. డిస్కుకి వేళ్ళు లేవు కదా. కామేశ్వరరావు గారు ఆఫీసంతా ఒకసారి కలియజూసి, నీ వేళ్ళు ఇలా పట్టుకురా గవరయ్యా అన్నారు. అప్పట్లో అది కూడా నాకు నవ్వులాటగానే ఉంది. అయిదు వేళ్ళూ సిరా పూసి ఠపీమని పెట్టేశాను.

ఈలోగా దానయ్య రోజూ వస్తున్నాడు. పాత డిస్కు ఒక్కోరోజు తెరుచుకునేది. ఒక రోజు అలా తెరుచుకున్నప్పుడు రోహిణి గబగబా వెతికి, బంగారమ్మతల్లి కాగితం తెర మీదికి తెచ్చింది. పడవ పేరు, దానయ్య పేరు, దానయ్య ఫోటో. ఫోటోలో కూడా పాపం బెంచీ మీద కూర్చున్నట్టే ఉన్నాడు. రోహిణి ప్రింటు మీట మీద వేలు పెట్టిందో లేదో, కామేశ్వరరావు గారు వెనక నుంచి ఆగమన్నారు. బదిలీ ఉత్తర్వు అందుకున్న ఉద్యోగి ఇక కొత్త కాగితాలేవీ జారీ చేయరాదట. చార్జి అప్పగించడానికి మాత్రమే తెరవాలట.

దానయ్య తెర దగ్గరికి వచ్చి వేలుపెట్టి చూపించాడు.

"ఇదే కదా బాబూ నా కాయితం. ఇక్కడ ఉన్నాది. నానూ సూస్తన్నాను, తవరూ సూస్తన్నారు. దీన్ని కాయితం మీదికి దింపడానికి ఏటడ్డం?"

"కనబడడం వేరు, జారీ కావడం వేరు దానయ్యా," అన్నారు కామేశ్వరరావు గారు. ఆ మాట అన్నాక ఆయనకే అది బాగా నచ్చినట్టుంది, ఫైల్లో కూడా రాసుకున్నారు.

మే పన్నెండున చార్జి అప్పగింత మొదలైంది. ఏ బీరువా అయినా చేతులు మారేటప్పుడు అందులో ఉన్న ప్రతి వస్తువూ పైకి చదివి, పుచ్చుకునేవాడు అందిందని అనాలి. గొళ్ళెం లేని తాళాల దగ్గర నుంచి నీలం సిరా బుడ్డి దాకా అంతే. డిస్కులో ఎన్ని ఫైళ్ళున్నాయో చూడమంటే రోహిణి చూసి, రెండు లక్షల పద్నాలుగు వేల ఆరువందల పద్దెనిమిది అని చెప్పింది. కామేశ్వరరావు గారు చలించలేదు. కొత్త రిజిస్టరొకటి తెమ్మన్నారు.

ఎదురుబదురుగా రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఆయన పాత డిస్కు తరఫున చదువుతారు. రెండో కుర్చీలో కొత్త డిస్కు తరఫున రోహిణి అందిందండీ అంటుంది. ఆ ఫైళ్ళలో సగం కంప్యూటరు తన కోసం తాను పెట్టుకున్నవి. వాటి పేర్లు పలకాలంటే మనిషికి రెండు నాలుకలుండాలి. ఆయన అక్షరం అక్షరం చదివేవారు. ఆమె అందిందండీ అనేది. మధ్యలో ఒక పేకాట ఫైలు వచ్చింది. ప్రభుత్వ ఆస్తిలో పేకాట ఏమిటి, ఎవరు పెట్టారని ఆయన గర్జించారు. రోహిణి దాన్ని తెరిచింది. ఇప్పటిదాకా ఎక్కువసార్లు గెలిచినవారి పేరు అందులో కె.రావు అని ఉంది. ఇది కూడా చార్జిలో భాగమే, రాసుకో అన్నారాయన.

మొదటి రోజు మూడువందల నలభై అయ్యాయి. రోహిణి కాగితం మీద లెక్కవేసి నాకు చూపించింది.

"బాబాయ్, సెలవులు పోను ఇది రెండున్నరేళ్ళు పడుతుంది. అక్షరాల వరసలో చదువుతున్నారు. సూరాడ అంటే ఇంగ్లీషులో ఎస్. అది చివర్లో ఎక్కడో ఉంది."

దానయ్య తన పేరు కొంచెం ముందుకి జరపమని బతిమాలాడు. అలా జరిపితే అతని ముందున్న లక్షా ఎనభై వేల ఫైళ్ళ సీనియారిటీ దెబ్బతింటుందని కామేశ్వరరావు గారు ఎంతో ఓపికగా బోధించారు.

నేను ఇవన్నీ సాయంత్రం టీ కొట్టు దగ్గర కథగా చెప్పి నవ్వించేవాణ్ణి. జనం పొట్టలు పట్టుకునేవారు. నువ్వైతే ఇప్పుడు నవ్వుతున్నావు. ఆ జనంలో ఎవరు మోశారో గానీ, మే నెలాఖర్లో దానయ్య పెళ్ళాం కాశమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. గంప దించలేదు. నా ముందు నిలబడింది.

"గవరయ్య బాబూ, ఈ రిలీవింగు మాట ముందు నీ నోటంట వచ్చినాదంట, నిజమేనేటి?"

నేను కడిగిన గ్లాసులే మళ్ళీ కడగడం మొదలెట్టాను. జీవితంలో మొదటిసారి అనుకో.

"కళాసీలు నిన్న వచ్చి అడిగినారు, కాయితం వచ్చినాదా, మరో పడవ సూసుకోమంటావా అని. ఆయన ఏటి సెప్పినాడో తెల్సా? గవరయ్య బాబు ఉన్నాడు, సూసుకుంటాడు అని సెప్పినాడు. నవ్వుకోడానికి నీకు మా పడవే దొరికినాదేటి?"

అని వెళ్ళిపోయింది. నేను ఆ రోజు టీ కొట్టుకి వెళ్ళలేదు.

చూడు అల్లుడూ, ఇలాంటి ఆఫీసుతో వాదించి గెలిచినవాడు లేడు. ఆవు పొడవడానికి వస్తే ఎదురు పొడవం కదా, కొమ్ములు పట్టుకుని అది పోయే దిక్కుకే ఇంకొంచెం లాగాలి. నేను మూడు రోజులు ఆలోచించాను. జూన్ రెండున కామేశ్వరరావు గారికి టీ ఇస్తూ, నా అమాయకపు మొహం ఒకటుంది కదా, అది పెట్టుకుని అడిగాను. అయ్యా, నాకో ధర్మసందేహం. మా నాన్న పోయినప్పుడు ఇంట్లో చెంబులూ తపేలాలూ ఎవరూ చదివి నాకు అప్పగించలేదు. కొడుకు కాబట్టి మొత్తంగా వచ్చేశాయి. ఈ కొత్త డిస్కు పాతదానికి కొడుకు వరసే కదండీ?

ఆయన టీ గ్లాసు గాల్లోనే ఆగింది. నెమ్మదిగా నిబంధనల పుస్తకం తీశారు. పేజీలు తిప్పారు. కారుణ్య నియామకం అన్న చోట ఆగారు. అనారోగ్యంతో విధులకు పనికిరాని ఉద్యోగి వారసుడికి ఆ ఉద్యోగం ఇవ్వవచ్చు. వారసుడికి చార్జి లెక్కపెట్టి అప్పగించనక్కర్లేదు, సంక్రమిస్తుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గవరయ్యా, నువ్వు చదువుకుని ఉంటే ఎక్కడో ఉండేవాడివి అన్నారు. చదువుకుని ఉంటే ఆయన కుర్చీలో ఉండేవాణ్ణి, దేవుడు కాపాడాడు.

ఆ రెండున్నరేళ్ళ చదువుడూ ఎగిరిపోయింది. మిగిలింది పాత డిస్కు అనారోగ్యం నిరూపించడం. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు దాన్ని బల్ల మీంచి తీయమని, నన్ను గది లోంచి పొమ్మని చెప్పారు. తిరిగి వస్తుంటే సంతలో మేకలకు సూదులు వేస్తున్న పశువుల డాక్టరు కనబడ్డాడు. మంచివాడు, పొద్దుటి నుంచీ మేకలతో మాట్లాడి విసిగి ఉన్నాడు. ఆఫీసుకి వెంటబెట్టుకొచ్చాను. రోహిణి దాన్ని మళ్ళీ కంప్యూటర్లో పెట్టి ఆడిస్తే, చెవి దగ్గర గొట్టం పెట్టి కిటకిట విన్నాడు. శ్వాస బరువుగా ఉన్నది, మేత సరిగా తీసుకొనుట లేదు, బరువు పనులకు పనికిరాదు అని రాసి ముద్ర వేశాడు. కామేశ్వరరావు గారు అది రెండుసార్లు చదివి, డాక్టరు డాక్టరే అని ఫైల్లో పెట్టారు.

జూన్ పన్నెండు. ఇక బీరువా తెరిచి అట్టపెట్టె తీయడమే. తీశారు. కొత్త డిస్కు వీపు మీద పుట్టిన తేదీ చూశారు. జనవరి, ఈ సంవత్సరం.

"అయిదు నెలలు," అన్నారు కామేశ్వరరావు గారు. అట్టపెట్టె మూత మళ్ళీ మూశారు. "మైనరు."

పద్దెనిమిదేళ్ళు నిండని వాడిని సర్వీసులోకి తీసుకోకూడదు. అది నేరం. రోహిణి ఉండబట్టలేక, మరి పాత డిస్కు వయసే ఇంకా పదిహేను కదండీ, చేరినప్పుడు దానికి ఎన్నేళ్ళు అని అడిగింది. గతించిన అధికారుల పొరపాట్లు తవ్వడం మన సంస్కృతి కాదమ్మా అని ఆయన ఆ సంగతి ముగించారు. నిబంధనల ప్రకారం మైనరు వారసుడు మేజరయ్యే వరకు ఉద్యోగాన్ని అట్టే పెట్టవచ్చునట. అంటే పద్దెనిమిదేళ్ళు. వాకిట్లో మెట్ల మీద దానయ్య వల ముడులు వేస్తున్నాడు. ఆ మాట అతని చెవిన పడింది. చేతిలో నూలు ఆగిపోయింది. తలెత్తి నాకేసే చూశాడు, ఆయనకేసి కాదు.

ఇంకో దారి ఏమైనా ఉందా అని అడిగాను. ఉంది. మైనరు తరఫున బాధ్యత వహించే సంరక్షకుడు ఒకరు, పర్మినెంటు ఉద్యోగి, పూచీ సంతకం పెడితే మైనరు సంరక్షకుడి ఛాయలో పని చేయవచ్చు. రోహిణి పర్మినెంటు కాదు. కామేశ్వరరావు గారు ఉత్తర్వు ఇచ్చేవారు కాబట్టి పుచ్చుకోకూడదు. ఆఫీసులో ఇక మిగిలిందెవరు?

"పైగా రిజిస్టరులో తండ్రి వేలిముద్రల చోట ఉన్నవి నీవే కదా గవరయ్యా," అన్నారాయన, ఎంతో సహజంగా.

పెట్టాను. పదకొండు చోట్ల పెట్టాను. మీ అత్తకి ఇద్దరూ ఆడపిల్లలే అని మీ అమ్మ ఎప్పుడూ దెప్పుతుంది కదా. ఇకమీదట దెప్పొద్దని చెప్పు.

పదమూడు శుక్రవారం. వీడ్కోలు, చేరిక ఒకే రోజున. ఇందులో ఒక చిక్కుంది. పాతవాడు మధ్యాహ్నం పన్నెండు లోపు రిలీవ్ అయితేనే కొత్తవాడు అదే రోజు మధ్యాహ్నం చేరవచ్చు. పన్నెండు దాటితే చేరిక మర్నాటికి పోతుంది. మర్నాడు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. పదిహేను కాస్తా గంగలో కలుస్తుంది. ఆఫీసరు గారేమో ఏనాడూ పన్నెండున్నర లోపు దిగిన మనిషి కాదు. అందుకని పొద్దున్నే గోడ గడియారానికి బూజు దులుపుతూ ముల్లు ఒక గంటన్నర వెనక్కి తిప్పాను. ఆ గడియారం బాధ్యత అటెండరుదే, నిబంధనల్లో ఉంది. కామేశ్వరరావు గారికి ఆ రోజు పదిన్నరకే ఆకలేసింది. వయసు మీద పడుతోందని ఆయన దిగులుపడ్డారు.

సభ బాగా జరిగింది. ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద పాత డిస్కు. దానికి దండ, శాలువా. ఆఫీసరు గారికి ఇంకో శాలువా. కామేశ్వరరావు గారు ప్రసంగించారు. వారు మితభాషి, నిగర్వి, పదిహేనేళ్ళలో ఒక్క రోజు కూడా సెలవు కోరి దరఖాస్తు పెట్టని క్రమశిక్షణ గల ఉద్యోగి, వారి విశ్రాంత జీవితం ఆయురారోగ్యాలతో సాగాలి అన్నారు. వారానికి నాలుగు రోజులు తెరుచుకునేదే కాదు కదా బాబాయ్ అని రోహిణి నా చెవిలో గొణిగింది. పాత డిస్కు స్పందన కోసం అందరూ ఒక నిమిషం ఆగారు. తరవాత చప్పట్లు కొట్టారు. దాని రిలీవింగు పదకొండు నలభైకి నమోదైంది, మా గోడ మీద.

ఆ తరవాత అందరూ లడ్డూలు తింటున్న వేళ రోహిణి కొత్త డిస్కు బిగించింది. కొత్త సిస్టం ఎక్కించింది. దండ పక్కకి జరిపి, పాత డిస్కుకి తీగ తగిలించి, ఉన్నవన్నీ ఇటు లాగేసింది. మొత్తం అయ్యేసరికి గంటా పది నిమిషాలు. మొదటి రోజు ఆ పిల్ల చెప్పిన గంటకి పది నిమిషాలు ఎక్కువ, లడ్డూ తినడానికి ఆగింది కాబట్టి. మీట నొక్కితే తెర వెలగడం చూసి కామేశ్వరరావు గారు వెనక్కి గెంతారు. కుర్రాడు చురుగ్గా ఉన్నాడన్నారు.

బంగారమ్మతల్లి కాగితం ప్రింటయింది. రోహిణి దానికి ఎర్ర చీటీ అంటించి, శాలువా రసీదుకీ లడ్డూల బిల్లుకీ మధ్య పెట్టింది. ఆఫీసరు గారు ఎడం చేత్తో లడ్డూ, కుడి చేత్తో సంతకం. మూడూ పెట్టేశారు. నేను కాగితం తీసుకెళ్ళి మెట్ల మీద దానయ్య చేతిలో పెట్టాను. అతను దాన్ని చదవలేడు. కానీ అటు తిప్పి, ఇటు తిప్పి, ముద్ర మీద బొటనవేలు పెట్టి తడిమి, వెలుతురికి ఎత్తి చూశాడు. ఆ రోజు మా ఆఫీసులో కాగితాన్ని సరిగ్గా చూసిన మనిషి అతనొక్కడే.

పదిహేను పొద్దున నేను రేవుకి వెళ్ళాను. కాశమ్మ ఒడ్డున నిలబడి ఉంది. పడవ అప్పటికే కనుచూపుకి ఆననంత దూరం పోయింది. నన్ను చూసి ఏమీ అనలేదు. గంప మాత్రం దించింది. నువ్వు తింటున్న కవళ్ళు ఆ పడవవే.

ఇంకో రెండు ముక్కలు వేయించుకో. కథ అయిపోలేదు.

ఈ నెలాఖరున నా రిటైర్మెంటు. కాగితాలు తీసుకుని కామేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అన్నీ చూసి, నా పూచీ సంతకాల ఫైలు తీసి బల్ల మీద పరిచారు. సంరక్షణలో ఉన్న మైనరు మేజరయ్యే వరకు సంరక్షకుణ్ణి విధుల నుంచి తప్పించరాదట. పద్దెనిమిదేళ్ళు. అప్పటికి నాకు డెబ్భై ఎనిమిది. అయ్యా, అది డిస్కండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"రిలీవింగంటే పద్ధతి ప్రకారమే జరగాలని ఈ ఆఫీసుకి నేర్పింది నువ్వే కదా గవరయ్యా."

ఆయన మొహం నేను ఎంత సేపు చూశానో చెప్పలేను. వెక్కిరింపో, నిబంధనో, ఏదీ కనబడలేదు. ముప్పై ఏళ్ళు ఆయన్ని ఆటపట్టించాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన నన్ను ఒక్కసారే ఆటపట్టించాడు, అది కూడా పని మధ్యలో, తనకి తెలిసో తెలియకో.

అదిగో, పొలమారింది. నీళ్ళు తాగు. నామీద జాలి పడకు అల్లుడూ, దారి దొరికింది. సంరక్షకుణ్ణి మార్చుకోవచ్చునట. కొత్తవాడు పర్మినెంటు ఉద్యోగి కానక్కర్లేదు, పాత సంరక్షకుడికి దగ్గరి బంధువైతే చాలు. కంప్యూటరు చదివినవాడైతే శ్రేష్ఠం, చదువు సంతకం కింద తన చేత్తోనే రాయాలి. మిగతా షరతులన్నీ ఆ కాగితం రెండో పేజీలో ఉన్నాయి. ప్రతి మూడు నెలలకీ స్వయంగా వచ్చి మైనరు క్షేమసమాచారం నమోదు చేయాలి, అలా పద్దెనిమిదేళ్ళు. అందులో ఆఖరి వాక్యం నాకు భలే నచ్చింది: సంతకం చేసినవారు పూర్తిగా చదివి చేసినట్టే భావించబడును.

వేళ్ళు నాకుతూ ఆ కాగితం కేసి అలా చూస్తావేం? కవళ్ళలో వెంట్రుకంత ముల్లు కూడా వదలకుండా ఏరి గిన్నె అంచున పేర్చావు. అంత చూపున్నవాడివి, ఆ రెండో పేజీ తిప్పి చూస్తే ఏం పోయేది నాయనా.